నల్లంచు కార్డు

ధర్మవరంలో తన పేరు పదిమందికీ తెలియాలన్న కోరిక పోతులయ్యకు పెద్దగా లేదు. బెంగుళూరుకు తెలిస్తే చాలు. అయితే బెంగుళూరుకు తెలియడానికి ఆ పేరే అడ్డమని అతనికి గట్టి అనుమానం. పోతులయ్య అనగానే ఎవరికైనా గొర్రెల మంద గుర్తొస్తుంది. అందులో అబద్ధమూ లేదు. ముదిగుబ్బ దిక్కున ఉన్న సొంత ఊళ్ళో అతని అక్క ఈరక్క ఇప్పటికీ గొర్రెలు మేపుకుంటూ, ఉన్ని వడుక్కుంటూ బతుకుతోంది. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది ఆమే. మందలోంచి ఒక్కో పొట్టేలునే అమ్మి ఎనిమిదో తరగతి దాకా చదివించిందీ ఆమే. తనకు మాత్రం వేలిముద్రే గతి.

ఆ చదువు పుణ్యాన పోతులయ్య ధర్మవరం వచ్చి ఒక పట్టుచీరల అంగట్లో గుమాస్తాగా చేరాడు. చీర మడత విప్పడం, విప్పిన మడత మళ్ళీ పెట్టడం, కొన్నా కొనకపోయినా నవ్వడం నేర్చుకున్నాడు. ఈ మధ్యనే మగ్గాల సందులో ఒక గది, దాని ముందు చిన్న అరుగు బాడుగకు తీసుకుని సొంతంగా వ్యాపారం మొదలుపెట్టాడు. నేసేవాళ్ళ దగ్గర చీరలు తెచ్చి పైఊరి షావుకార్లకు అమ్మడం అతని పని. షావుకార్లు వచ్చేదే అరుదు. బెంగుళూరు పేటలో పెద్ద అంగడి ఉన్న నారాయణప్ప మాత్రం, ఈసారి ధర్మవరం వచ్చినప్పుడు నీ సరుకు చూస్తానని మాటిచ్చాడు. ఆయనకు నచ్చి ప్రతి నెలా తీసుకుంటే పోతులయ్య షావుకారు. నచ్చకపోతే పాత అంగట్లోనే మళ్ళీ గుమాస్తా. నడుమ ఇంకో దారి లేదు.

అప్పుడు పట్టుకుంది అతనికి ఈ కార్డు పిచ్చి. పాత అంగడికి జరీ అమ్మడానికి బొంబాయి నుంచి ఒకాయన వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా జేబులోంచి చిన్న అట్టముక్క తీసి రెండు వేళ్ళతో అందించేవాడు. అందులో ఇంగ్లీషులో ఆయన పేరు, చుట్టూ వెంట్రుక మందాన నల్లగీత. దాన్ని విజిటింగ్ కార్డు అంటారని పోతులయ్య తెలుసుకున్నాడు. ఆ ముక్క చేతికి రాగానే తన పాత యజమాని లేచి నిలబడ్డం కూడా చూశాడు. అదీ అసలు సంగతి. ఎవరైనా తనకోసం లేచి నిలబడాలి.

చీరల అట్టపెట్టె మూత కోసి, స్కేలు, సిరాబుడ్డి ముందు పెట్టుకుని తన కార్డు తానే గీసుకోవడం మొదలుపెట్టాడు. ముందు మూలన నెమలిని వేశాడు. అది కోడిపెట్టలా వచ్చింది, కొట్టేశాడు. లక్ష్మీదేవిని వేద్దామనుకున్నాడు. హిందూపురం బెల్లం మూటల మీద ఆమే కూర్చుని ఉంటుంది గనక వద్దనుకున్నాడు. పైన శ్రీరామ అని రాస్తే పల్లెటూరి వాసన. పేరు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. ఒక రోజంతా ఆలోచించి, ఇంగ్లీషులో పి. పి. రాజ్ అని రాశాడు. పి అంటే పోతులయ్యే అనుకుందాం. రాజ్ ఎక్కడి నుంచి ఊడిపడ్డాడో ఆ పైవాడికే తెలియాలి. పేరు కింద సిల్క్ మర్చంట్, దాని కింద ధర్మవరం. ఆ ఊరి పేరొక్కటే అందులో కల్తీ లేనిది.

ఇక చుట్టూ అంచు. బొంబాయి ఆయన సన్నగీతే అంత బాగుంటే, లావుగీత ఇంకెంత బాగుంటుందో అనుకున్నాడు మనవాడు. పట్టుచీరకు అంచు లావైతే విలువ పెరుగుతుంది కదా! అదే లెక్క కార్డుకూ వేశాడు. వేలి వెడల్పుకు కొంచెం తక్కువగా నలుదిక్కులా నల్లగా దిద్ది, ఆరబెట్టి, దూరంగా పెట్టి చూసుకుని మురిసిపోయాడు. కాకిపిల్ల కాకికి ముద్దు.

ధర్మవరంలో అచ్చు వేయిస్తే, గుమాస్తా పోతులయ్య రాజ్ అయిపోయాడని ఊరంతా నవ్వుతుంది. అందుకని రైలెక్కి హిందూపురం పోయాడు. అక్కడ దాసప్ప అని ఒకాయనకు చిన్న అచ్చుకూటం ఉంది. పెళ్ళిపత్రికలు, నాటకాల కరపత్రాలు, బెల్లం మండీల రసీదులు వేస్తుంటాడు. ఆయన పోతులయ్య గీసిన అట్టముక్క అందుకుని, కళ్ళజోడు పైకి తోసి, వెలుతురులోకి పట్టి చూశాడు.

"అయ్యో పాపం. ఎవురప్పా పోయింది?"

"ఎవరూ పోలేదు. అది నా కార్డు."

"నీదేనా?" దాసప్ప అట్టను చూశాడు, మనిషిని చూశాడు. "ఈ లావు గీత అచ్చు నా దగ్గర ఉండాదిలే. కర్మల కార్డులకు వాడేది. బతికినోళ్ళకు ఎవురికీ ఇంతవరకు వెయ్యలే."

"నాకు వెయ్యి."

"నా మాట ఇనబ్బా. సన్నగీత ఏస్తా. కాదంటే పచ్చరంగు ఏస్తా, చూడముచ్చటగా ఉంటాది. నల్లంచు కార్డు మనోళ్ళు గడప దాటనీరు కదా."

అది పోతులయ్యకు తెలియని సంగతేం కాదు. శుభవార్త కార్డైతే నాలుగు మూలలా పసుపు పూసి వస్తుంది. దాన్ని దేవుడి గూట్లో పెడతారు. నల్లంచుతో వచ్చేది చావుకబురు. దాన్ని వీధిలోనే చదివి, అక్కడే చించేసి, నెత్తిన నీళ్ళు పోసుకుని గానీ లోపలికి రారు. పాలు తాగే వయసు నుంచి చూసిన ఆచారమే. కానీ ఆ పూట దాసప్ప నోట మనోళ్ళు అన్న మాట అతనికి ముల్లులా గుచ్చుకుంది.

"నా కార్డు చూసేది మనోళ్ళు కాదు" అన్నాడు. "బెంగుళూరోళ్ళు. వాళ్ళకి ఇట్లాంటి చాదస్తాలుండవు."

"సరేప్పా. నీ దుడ్లు, నీ కార్డు" అన్నాడు దాసప్ప.

వారం తిరిగాక మళ్ళీ పోయి కార్డులు తెచ్చుకున్నాడు. సిరా వాసన ఇంకా పోలేదు. స్టేషను దాకా నడుస్తూనే కట్ట విప్పి ఒక్కొక్కటీ చూసుకున్నాడు. అన్నీ ఒకటే అని తెలిసినా చూశాడు. అప్పుడు అతనికి ఉన్నట్టుండి అక్క గుర్తొచ్చింది. పలక మీద మొదటిసారి అక్షరం దిద్దినప్పుడు, ఆ పలకను ఈరక్క వాడంతా తిప్పి చూపించింది. ఇప్పుడు తమ్ముడి పేరు అచ్చులో పడిందంటే ఎంత పొంగిపోతుందో! ఆ సంతోషంలో స్టేషను దగ్గరే కవరు కొని, పైన తెలుగులో ఆమె పేరూ ఊరూ రాసి, లోపల ఒక కార్డు పెట్టి డబ్బాలో వేశాడు. ఉత్తరం ముక్క రాయలేదు. చదవలేని మనిషికి ఉత్తరమెందుకు, ఎవరో ఒకరు చెబుతారులే అనుకున్నాడు. దాని మీద ఉన్నది తమ్ముడి పేరే కాదన్న సంగతి అప్పుడతనికి తట్టలేదు. ప్రేమ లేక కాదు. ఉండాల్సిన చోట బుద్ధి లేక.

రైల్లో ఎదురుగా తలపాగా చుట్టుకున్న ఒక పెద్ద రైతు కూర్చున్నాడు. ఊరు, పేరు, పంట, వాన, మాటలు కలిశాయి. పోతులయ్య ఇదే సమయమని జేబులోంచి కార్డు తీసి, రెండు వేళ్ళతో, బొంబాయి ఆయన ఇచ్చినట్టే ఇచ్చాడు. రైతు నిజంగానే లేచి నిలబడ్డాడు. నిలబడి తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు.

"అయ్యో, ఎంత పని జరిగె! వయసులో ఉన్నోడా? నీకేం కావాలప్పా ఆయన?"

"అది... అది నేనే" అన్నాడు పోతులయ్య.

రైతు కార్డును బల్ల మీద మెల్లగా పెట్టాడు. బండి పెనుకొండలో ఆగగానే మూట తీసుకుని దిగి, పక్క పెట్టెలో ఎక్కాడు.

పోతులయ్యకు మొదట కోపం వచ్చింది. పల్లెటూరి మొద్దు అనుకున్నాడు. బండి పెనుకొండ దాటాక కోపం దిగింది. డబ్బాలో వేసిన కవరు గుర్తొచ్చింది. నల్లంచు కార్డు. దాని మీది ధర్మవరం అన్న ఒక్క మాట పోస్టుమాను పోల్చి చెబుతాడు. ధర్మవరంలో ఈరక్కకు ఉన్నదెవరు? ఒక్కడే.

రేపు పొద్దున్నే ముదిగుబ్బ బస్సెక్కితే కార్డు కంటే ముందే ఊరు చేరొచ్చు. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసీ పోలేదు. నారాయణప్ప రేపో ఎల్లుండో వస్తానన్నాడు. వచ్చి తాళం చూసి పక్క అంగటికి పోతే? ఊళ్ళో బడిపంతులు ఉన్నాడు కదా, చదివి చెప్పడా? అక్కకు మాత్రం ఆ మాత్రం తెలియదా? ఇట్లా తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. మరునాడు పొద్దున బస్సు హారను మగ్గాల సందు దాకా వినబడింది. అతను అరుగు ఊడుస్తూ విన్నాడు. ఆ మరునాడూ వినబడింది. అప్పుడు చీరలు దులుపుతున్నాడు. బడిపంతులు సెలవు మీద సొంత ఊరికి పోయాడన్న సంగతి అతనికి తెలియదు గానీ, తెలిసినా పోయేవాడని నేను ప్రమాణం చేసి చెప్పలేను.

ఆ రోజే ఎండెక్కాక నారాయణప్ప వచ్చాడు. నిదానస్తుడు. తెలుగూ కన్నడమూ ఒకే నోట కలిపి మాట్లాడే మనిషి. పోతులయ్య అరుగు మీద పరుపు వేసి కూర్చోబెట్టి, ముందుగా కార్డు చేతికిచ్చాడు. నారాయణప్ప లేచి నిలబడలేదు. కార్డును ఒకసారి చూసి, జేబులో పెట్టుకోకుండా, అరుగు చివర బండ మీద పెట్టాడు. పోతులయ్య చూసీ చూడనట్టు ఊరుకుని చీరలు విప్పడం మొదలుపెట్టాడు. నెమలిరంగు, వంగపండురంగు, మామిడిపిందెల అంచు. అరుగంతా పట్టు పరుచుకుంది. నారాయణప్ప ఒక్కో కొంగూ వేళ్ళతో నలిపి చూస్తూ తల ఊపుతున్నాడు. ఆ తల ఊపుడు మీద పోతులయ్య ప్రాణం వేలాడుతోంది.

అప్పుడు సందు మొదట్లో ఏడుపు వినబడింది.

"ఓ నా తమ్ముడా... నా కొడుకా... పాలు లేకుంటే గొర్రెపాలు పోసి పెంచుకుంటినే... నన్ను ఇడ్సిపెట్టి యాడికి పోతివిరా సామీ..."

మగ్గాల చప్పుడు ఒక్కో ఇంట్లో ఆగిపోయింది. జనం గుమ్మాల్లోకి వచ్చారు. ఆ గొంతు పోతులయ్య ఎరిగిందే. చేతిలో చీర అట్లాగే ఉండిపోయింది. ఈరక్క జుట్టు విరబోసుకుని, రొమ్ము బాదుకుంటూ, ప్రతి ఇంటి ముందూ ఆగి, పోతులయ్య ఇల్లేదని అడుగుతూ వస్తోంది. భుజాన గొంగడి. కాళ్ళకు చెప్పుల్లేవు. ఒళ్ళంతా దుమ్ము.

అరుగు దగ్గరికి వచ్చి తల ఎత్తింది. ఎదురుగా తమ్ముడు. ఏడుపు సగంలోనే తెగిపోయింది. తర్వాత ఆ ముఖంలోకి వచ్చిన వెలుగు సందులో అందరూ చూశారు.

"ఉండావా నాయనా! బతికే ఉండావా!"

రెండు చేతులూ చాచి అరుగెక్కింది. తడిమి చూసుకోవాలని అతని ముఖం దాకా తెచ్చింది. గొర్రెల వాసన, చెమట వాసన చీరల మీదికి వచ్చాయి. నారాయణప్ప తల తిప్పాడు.

"యారప్పా ఈయమ్మ? నీకేం కావాల?"

పోతులయ్య నోరు తెరిచాడు.

"ఎవరో స్వామీ. మా దిక్కు మనిషి. మతి సరిగా ఉండదు."

ఆ మాట అంత నునుపుగా ఎట్లా వచ్చిందో అతనికే తెలియలేదు. అంగట్లో నేర్చుకున్న నవ్వు కూడా దాంతో పాటే వచ్చింది. తడబడి ఉంటే బాగుండేదని, నాలుక పడిపోయినా బాగుండేదని తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాడు. అప్పుడు మాత్రం తడబడలేదు.

ఈరక్క చేతులు గాల్లో ఆగిపోయాయి. తమ్ముణ్ణి చూసింది. మల్లెపువ్వులాంటి పంచె కట్టుకుని కూర్చున్న షావుకారును చూసింది. కింద పరిచిన చీరలను చూసింది. చేతులు మెల్లగా దించుకుని, కొంగు తల మీదికి లాక్కుంది.

"అవును సామీ" అంది నారాయణప్పతో. "ఇల్లు తప్పి వస్తి."

తిరిగి దిగేటప్పుడు, దుమ్ముకాలు చీర అంచుకు తగలకుండా పాదం ఎత్తి అవతల వేసింది. ఆ పాదం ఎత్తడం పోతులయ్య చూశాడు. ఆమె సందు మలుపు తిరిగిపోయింది. ఒక్కో మగ్గమే మళ్ళీ చప్పుడు చేయసాగింది.

నారాయణప్పకు సరుకు నచ్చింది. పరిచినవాటిలో చాలా భాగం తీసుకుని, ప్రతి నెలా మనిషిని పంపుతానన్నాడు. మూటలు జట్కాలో పెట్టించి, తానూ ఎక్కబోతూ ఆగి వెనక్కి చూశాడు.

"కార్డు ఈడనే పెట్టినా, ఏమీ అనుకోవద్దు. మా అమ్మ చూస్తే గడప దాటనీదు. ఇంకోటి అచ్చేయిస్తే తీసుకుంటా." తర్వాత సందు చివరికి చూస్తూ అన్నాడు. "పాపం, ఆయమ్మ ఎవరి కోసం ఏడుస్తాండెనో. అట్ల ఏడ్చేవాళ్ళు ఉండేదీ అదృష్టమే."

జట్కా కదిలిపోయింది. మనోళ్ళు కాదనుకున్న బెంగుళూరోళ్ళు కూడా ఆ నల్లంచు ముందు మనోళ్ళే అయ్యారు. పోతులయ్య కోరుకున్నదంతా చేతికొచ్చింది. వచ్చాక చూసుకుంటే పట్టుకోవడానికి చేతులు రాలేదు. అరుగు మీద ఒక్కడే కూర్చున్నాడు. ఎదురింటి సాలె ముసలాయన గుమ్మంలో నిలబడి ఇటే చూస్తున్నాడు. నాలుగు మాటలు అంటే బాగుండేది. పోతులయ్యకు సిగ్గు కాళ్ళ నుంచి మొదలై పైకి పాకింది. చెవులు కాలిపోయాయి. తనను ఎవరూ చూడకూడదు, తానూ ఎవరినీ చూడకూడదు అనిపించింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. ఇది కడిగితే పోయే అడుసు కూడా కాదు.

తాళం వేసి బస్టాండుకు పరుగెత్తాడు. ఈరక్క లేదు. ముదిగుబ్బ బస్సు ఎప్పుడో పోయింది. తర్వాతి బస్సు కోసం అక్కడే నిలబడ్డాడు. బస్సులో ఒక మూల ముఖం కిటికీకి పెట్టి కూర్చున్నాడు. దారి పొడవునా, అక్క కాళ్ళ మీద పడి ఏమనాలో కూడబలుక్కున్నాడు. ఆమె తిట్టాలి. చీపురుకట్ట తీసుకుని కొట్టాలి. ఊరంతా చూస్తుండగా ఉమ్మెయ్యాలి. అప్పుడు గానీ ఈ మంట చల్లారదు అనుకున్నాడు. చూడండి, అప్పుడు కూడా అతని లెక్క తన మంట చల్లారడం గురించే.

బస్సు దిగి, చేన్లకడ్డం పడి నడిచి ఊరు చేరేసరికి పొద్దు వాలుతోంది. మందలు ఇళ్ళకు మళ్ళుతున్నాయి. చచ్చినవాడు ఎదురొస్తే జనం జడుసుకుంటారేమో, రాళ్ళు వేస్తారేమో అని జంకుతూ నడిచాడు. ఊరి మొదటి ఇల్లు కుళ్ళాయమ్మది. అక్క ఈడుది. వాకిట్లో చెనక్కాయలు ఒలుస్తోంది. ఇతన్ని చూసి జడుసుకోలేదు. పకపకా నవ్వింది.

"వస్తివా పోతులయ్యా! కాకి యాడ తన్నిందబ్బా నిన్ను?"

"కాకేంది?"

"మీయక్క చెప్పిందిలే. కాకి తన్నిందంట గదా, దోసం పోవల్లని సావుకబురు పంపితివంట. పొద్దన్నే ఆ కార్డు చూసి ఎట్ల ఏడ్సిందనుకుంటివి! ఊరే ఏడ్సింది. మల్ల ధర్మవరం పోయొచ్చి, నవ్వుకుంటా, ఉత్తదేలే, కాకిదోసానికి అని చెప్పె. ఆ ఏడుపుకు నీకు నూరేండ్లు రాసిపెట్టినట్టే పో."

పోతులయ్య అక్కడే నిలబడిపోయాడు. ఆ నమ్మకం ఆ ప్రాంతంలో తెలియని వాళ్ళుండరు. కాకి వచ్చి మనిషిని తన్నిందంటే ప్రాణగండం. దానికి విరుగుడు, ఆ మనిషి పోయాడని దగ్గరివాళ్ళకు అబద్ధపు కబురు పంపడం. వాళ్ళు నిజమనుకుని ఏడవాలి. ఎంత నిజంగా ఏడిస్తే గండం అంత దూరం పోతుంది. ఆ తర్వాత ఉత్తదే అని చెప్పి నవ్వుకుంటారు. ఎవరినీ ఎవరూ తప్పు పట్టరు. ఈరక్క బస్సులో వస్తూ వస్తూ, తమ్ముడి తలబిరుసునంతా తీసి ఒక కాకి నెత్తిన పెట్టేసింది.

ఆమె ఇంటి ముందు, నీళ్ళకుండ పెంకులు దిబ్బ మీద పడి ఉన్నాయి. పక్కనే పారబోసిన సంగటి ఎండి అట్టకట్టింది. చావుకబురు విన్న ఇంట్లో వండిందీ నీళ్ళూ ఉంచుకోరు. వాకిలి కొత్తగా పేడతో అలికి ఉంది. ఈరక్క తల స్నానం చేసి, జుట్టు ముడేసుకుని, వాకిట్లో పొయ్యి దగ్గర కొత్త కుండలో ఎసరు పెడుతోంది. తమ్ముణ్ణి చూసి లేచింది.

"వస్తివా? ఆడ నీళ్ళుండాయి, కాళ్ళు కడుక్కో."

"అక్కా..."

ఆమె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "కాకి ఎడమ భుజం మీద తన్నిందని చెప్పినా. ఎవురన్నా అడిగితే నువ్వూ అదే చెప్పు. ఇద్దరమూ రెండు మాటలు చెప్తే నవ్విపోతారు."

"అక్కా, ఆ కార్డు నేను..."

"గడపలోకి తేలే దాన్ని. బయటే చించి పారేస్తి."

"ఆ షావుకారి ముందర నేను నిన్ను..."

ఈరక్క పొయ్యిలో కట్టె ఎగదోస్తూ ఆగింది. "ఆయప్ప కనుక్కున్నాడా, నేను మీ అక్కనని?"

పోతులయ్య తల అడ్డంగా ఊపాడు.

"చీరలు తీసుకున్నాడా?"

"తీసుకున్నాడు."

"పోనీలే. మంచిదాయ." ఆమె ముఖంలో నిజంగానే బరువు దిగింది. "దోవ పొడుగూతా అదే దిగులు. నా వల్ల చెడిపాయనేమో అని."

తిట్టినా, కొట్టినా తట్టుకుందామని వచ్చాడు. దీన్ని తట్టుకునే ఉపాయం అతని దగ్గర లేదు. ఈలోగా పోతులయ్య వచ్చాడన్న మాట పాకి, చుట్టుపక్కల వాళ్ళంతా వాకిట్లో చేరారు. కుళ్ళాయమ్మ చెనక్కాయల చేటతోనే వచ్చింది. యాడప్పా తన్నింది, భుజమా, నెత్తా అని తలా ఒక ప్రశ్న. అందరూ నవ్వుతున్నారు. అతను బతికినందుకు నిజంగా సంతోషపడుతున్నారు. ఎడమ భుజం అని ఒక్క మాట అంటే చాలు, అంతా సర్దుకుంటుంది. ఈరక్క అతని వైపే చూస్తోంది.

"కాకీ లేదు, గీకీ లేదు" అన్నాడు పోతులయ్య. "నా గొప్పకోసం నేనే ఆ నల్లంచు వేయించుకుంటి. సావుకార్డు అనుకుంటాదని తెలిసి కూడా రాకపోతి. మా అక్క ఏడ్సుకుంటా నా ఇంటికొస్తే, షావుకారి ముందర ఎవరో అంటి. నన్ను పెంచిన మా అక్కను..."

వాకిట్లో నవ్వు ఆగిపోయింది. కుళ్ళాయమ్మ చేట కింద పెట్టింది. ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. పోతులయ్యకు ఒక్క క్షణం ఊపిరాడింది. ఇప్పుడు తెలిసింది అందరికీ. ఇక అనండి, అనుకున్నాడు.

అప్పుడు ఈరక్క పొయ్యి దగ్గరి నుంచి, వెనక్కి తిరగకుండానే అంది.

"వాని మాటలు పట్టించుకోవద్దండమ్మా. పొద్దన్నించి ఏమీ తిన్లేదు. మతి సరిగా లేదు."

"అంతే మరి, సావు దాకా పోయొచ్చినోడు!" అంది కుళ్ళాయమ్మ. అందరూ మళ్ళీ నవ్వారు. జడుసుకున్నాడు పాపం, తాయెత్తు కట్టించు ఈరక్కా అని ఒకరు, దిష్టి తియ్యమని ఇంకొకరు చెప్పి, ఎవరి ఇళ్ళకు వాళ్ళు పోయారు. గొర్రెలు దొడ్లో ముడుచుకుని పడుకున్నాయి.

పోతులయ్య అక్క వీపు వైపు చూస్తూ నిలబడ్డాడు. మతి సరిగా లేదన్న ఆ మాట ఆమె తెలిసే అన్నదో, నోటికొచ్చిందని అన్నదో అతనికి అప్పుడూ తెలియలేదు, తర్వాతా తెలియలేదు. అడగడానికి ముఖం చెల్లలేదు. ఈరక్క సంగటి కెలికి, తడిచేత్తో ముద్ద చేసి, కంచంలో పెట్టి, పక్కన చెనక్కాయల ఊరిబిండి వేసింది.

"కూకో. తిను" అంది.

పోతులయ్య కూర్చుని, తల వంచుకుని తిన్నాడు.